కెమెరా మళ్ళీ పడుతున్నారా? ముందు కళ్ళు చూపించుకోండి

ఓ.పి. ముగించి చేతులు కడుక్కుంటూ ఉంటే ఒక పెద్దమనిషి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. రిటైరైన స్కూలు మాస్టారు. షుగరు మందుల కోసం నెలనెలా వచ్చే మనిషే. ఆ రోజు మందుల చీటీ బయటికి తీయకుండా కుర్చీలో కూర్చుని, "ఒక మాట అడగతాను సార్, మీరు నవ్వకూడదు" అన్నారు.

"కుర్రతనంలో నాకు ఫొటోల పిచ్చి ఉండేది. పెళ్ళయినాక మానేశాను. ఇప్పుడు మళ్ళీ ఒక కెమెరా కొనుక్కుందామని ఉంది. ఇంట్లో చెబితే, ఈ వయసులో ఇదేం పిచ్చి అంటున్నారు. నాకా షుగరుంది, బి.పి. ఉంది, మోకాళ్ళు నొప్పులు. కొనుక్కోవచ్చునా?"

నేను నవ్వలేదు. నవ్వే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో కాసేపట్లో చెబుతాను. "తప్పకుండా కొనుక్కోండి. కానీ కొనే ముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి రండి" అన్నాను. మాస్టారి ముఖం చిన్నబోయింది. ఏది అడిగినా పరీక్షలు రాయకుండా ఈ డాక్టర్లు ఉండలేరు గదా అని మనసులో అనుకుని ఉంటారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. 1970, 80 లలో కుర్రవాళ్ళుగా ఉండి, అప్పో సప్పో చేసి ఒక ఆగ్ఫా క్లిక్ కెమెరా సంపాదించినవాళ్ళంతా ఇవాళ రిటైరైనవాళ్ళు, లేదా కాబోతున్నవాళ్ళు. ఆ రోజుల్లో రీలుకి పన్నెండు బొమ్మలు. అందులో మూడు కదిలిపోయేవి, రెండింటిలో తలకాయలు తెగిపోయేవి. మిగిలినవి కడిగించడానికి జీతం వచ్చేదాకా ఆగాలి. పిల్లలు, ఇంటి అద్దె, స్కూలు ఫీజులు వచ్చేసరికి కెమెరా బీరువా ఎక్కేది. ఇప్పుడు రీలు ఖర్చు లేదు. పొద్దున్నే బయలుదేరితే అడిగే ఆఫీసరు లేడు. పైగా మన నెల్లూరు తీరం వాళ్ళకి ఇంకో ఆశ కూడా ఉంది. అక్టోబరు దాటిందంటే పులికాట్ సరస్సులో రాజహంసలు దిగుతాయి. నేలపట్టు చెరువులో, నీళ్ళలో మునిగి నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. నేలపట్టుని 1976 లోనే పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. 2022 లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, ఆ పక్షులు మావేనని నెల్లూరు వాళ్ళం ఇంకా అంటూనే ఉంటాం.

అంచేత చలికాలం ఆదివారాల్లో ఆ రోడ్ల మీద నెరిసిన తలలు, పొడుగాటి లెన్సులు ఇప్పుడు చాలానే కనిపిస్తాయి. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నాకు కనిపించని పక్షులు

నేను 1980 ల చివర తిరుపతిలో ఎం.బి.బి.ఎస్. చదివాను. ఒక సీనియరు దగ్గర పాత జెనిత్ కెమెరా కొన్నాను. రష్యా సరుకు, ఇటికరాయంత బరువు. ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము వేసి ఆసుపత్రి వరండాలు, కొండ మెట్లు, మా అమ్మ, మా నాన్న, మా ఇంటి గేదె, కనిపించినవన్నీ తీశాను. హాస్టలు బాత్‌రూములో ఎర్రబల్బు పెట్టి ప్రింట్లు వేసుకునేవాళ్ళం. ఆ మందునీళ్ళలో చేతులు ముంచి ముంచి వేళ్ళ సందుల్లో దురద పట్టుకుంటే చర్మవ్యాధుల ప్రొఫెసరుగారికి చూపించాను. ఆయన నా గోళ్ళ రంగు చూసి, "ఫొటోలు కడుగుతున్నావా? చిమటాతో పట్టుకో, తగ్గిపోతుంది" అన్నారు. తగ్గిపోయింది. ఇప్పటివాళ్ళకి ఆ బాధే లేదు.

ఉద్యోగంలో చేరాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బదిలీలు, కాన్పు కేసులు, కుటుంబ నియంత్రణ శిబిరాలు. జెనిత్ బీరువాలోకి పోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత తీసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు అల్లినట్టు బూజు. సముద్రపు గాలికి మన తీరంలో ఇది మామూలే. కెమెరాని తోలు సంచీలో పెట్టి బీరువాలో మూసిపెడితే బూజు ఖాయం. గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోవాలి. సరే, అది వైద్యం కాదు గాని తెలిసిన మాట కాబట్టి చెప్పాను. ఆ బూజు చూసి మా అమ్మాయి జాలిపడి కొత్త డిజిటల్ కెమెరా, దానికి పొడుగు లెన్సు కొనిపెట్టింది. అప్పటికి నాకు 54 ఏళ్ళు.

డిసెంబరు నెలలో ఒక ఆదివారం, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడ్డాను. ఆ రోడ్డుకి రెండు పక్కలా సరస్సే. రాజహంసలు తలకిందులుగా ముక్కు నీళ్ళలో పెట్టి మేస్తున్నాయి. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకి ఆనించి ఒక పక్షిని మధ్యలో పెట్టుకుని నొక్కాను. ఒక ఇరవై ఫొటోలు తీశాను. రాత్రి ఇంట్లో కంప్యూటరులో చూస్తే, రెండు మూడు ఫొటోల్లో ఎడమవైపు పైమూల ఒక చిన్న గుంపు ఎగురుతూ కనిపించింది. బొమ్మ చాలా బాగా కుదిరింది. మా ఆవిడ మెచ్చుకుంది. కానీ నిజం చెప్పాలంటే, నొక్కేటప్పుడు ఆ గుంపుని నేను చూడలేదు. అదృష్టం అనుకున్నాను.

తర్వాతి ఆదివారం కూడా అదే అదృష్టం. అదే మూల. మూడో వారం జాగ్రత్తగా గమనిస్తే, మధ్యలోని పక్షి మీద చూపు నిలిపినప్పుడు ఎడమ పైమూల కొంచెం మసకగా ఉన్నట్టుంది. నల్లగా లేదు సుమా! అక్కడ ఏమీ లేనట్టు, ఆకాశమే ఉన్నట్టు ఉంది. లెన్సు తుడిచాను. కన్ను ఆనించే అద్దం తుడిచాను. పాత కెమెరా బూజు గుర్తొచ్చి, దీనికీ పట్టిందేమోనని చెన్నై తీసుకెళ్ళి ఒక రిపేరు షాపులో ఇచ్చాను. వాళ్ళు వారం ఉంచుకుని, డబ్బు పుచ్చుకుని, "ఏ లోపమూ లేదు" అన్నారు. షాపువాళ్ళకి పని రాదని నిర్ధారించుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ వంటింట్లోంచే అంది: "కెమెరా బాగానే ఉందంటున్నారు కదండీ, మీ కన్నొకసారి చూపించుకోరాదూ?"

ముప్ఫై ఏళ్ళుగా రోగుల కళ్ళలో టార్చి వేసి చూస్తున్నవాణ్ణి. నాకా చెప్పేది అనుకున్నాను. ఇంకో రెండు నెలలు గడిపాను. ఆ రెండు నెలల తప్పు పూర్తిగా నాదే.

చివరికి కంటి డాక్టరు దగ్గర కూర్చున్నాను. కుడి కంటి లోపలి పీడనం 27 ఉంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. కంటి నరం మీద ఉండే గుంట పెద్దదయింది. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చిన్న చిన్న వెలుగులు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమనే ఫీల్డ్ టెస్టు ఒకటుంది. అది కాగితం మీద నా చూపు పటం గీసి ఇచ్చింది. కుడి కన్ను, ముక్కువైపు పైభాగం, అంటే కెమెరాలో సరిగ్గా ఆ ఎడమ పైమూల, అక్కడ ఒక నల్లటి మచ్చ. నాకున్నది నీటికాసులు. గ్లాకోమా అంటారు.

నీటికాసులంటే

కంటిలో ఒక ద్రవం ఎప్పుడూ ఊరుతూ, అంచున జల్లెడలాంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. కన్నీరు కాదు, ఇది లోపలి సంగతి. ఆ దారి పూడుకుంటే లోపల పీడనం పెరుగుతుంది. వెనకనుండే కంటి నరం ఆ ఒత్తిడికి పోగు పోగుగా చచ్చిపోతుంది. చచ్చిన పోగు మళ్ళీ బతకదు. శుక్లమైతే ఆపరేషనుతో చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో పోయింది పోయినట్టే. మందులూ, లేజరూ, ఆపరేషనూ ఉన్నదాన్ని కాపాడటానికే. కొందరిలో పీడనం మామూలుగా ఉన్నా నరం దెబ్బ తింటుంది. కాబట్టి ఒక్క పీడనం కొలిపించుకుని సరిపోయిందనుకోకూడదు. నరం కూడా చూడాలి.

ఈ జబ్బులోని మోసమేమిటంటే, మనకి చాలా ఎక్కువగా వచ్చే రకంలో నొప్పి ఉండదు, ఎర్రబడదు, పుస్తకం చదవడానికి ఇబ్బంది ఉండదు. మధ్య చూపు చివరిదాకా బాగుంటుంది. పక్కలు పోతుంటాయి. ఒక కంట్లో పోయిన ముక్కని రెండో కన్ను పూరిస్తుంది. రెండు కళ్ళూ తెరిచి తిరిగే మనిషికి ఏ లోటూ తెలియదు. 1996 నుంచి 2000 దాకా హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద కంటి సర్వే చేశారు. ఈ రకం నీటికాసులు ఉన్నట్టు తేలినవారిలో నూటికి తొంభై మందికి పైగా ఆ పరీక్ష చేసేదాకా తమకి జబ్బున్నట్టే తెలియదు.

నాకు తెలియడానికి కారణం కెమెరా. ఒక కన్ను మూసి, ఒకే కంటితో, ఒకే చోట చూపు నిలిపి, నాలుగు మూలల చట్రం లోపల చూడటం మన రోజువారీ జీవితంలో ఇంకెక్కడా చెయ్యం. పైగా నేను చూసింది చూడనిది కెమెరా దాచిపెట్టి రాత్రికి చూపించింది. సెల్‌ఫోను తెర మీద చూసి తీసేవాళ్ళకి ఈ లాభం లేదు; అక్కడ రెండు కళ్ళూ పనిచేస్తాయి.

అలాగని, కెమెరాలో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయి కాబట్టి నాకేమీ లేదని ఎవరూ అనుకోవద్దు. నాకు కనిపించింది ఒక సూచన మాత్రమే, అదీ కొంత నష్టం జరిగాక. నలభై దాటిన వాళ్ళు, ముఖ్యంగా అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో ఈ జబ్బున్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు, ఎక్కువ మైనస్ అద్దాలు వాడేవాళ్ళు, స్టెరాయిడ్ చుక్కలో మాత్రలో చాలాకాలం వాడినవాళ్ళు పరీక్ష చేయించుకుని తీరాలి. కళ్ళు మండితే మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండటం మన దగ్గర చాలా మామూలు. ఆ సీసా మీద ఏం రాసి ఉందో ఒకసారి ఎవరిచేతనైనా చదివించుకోండి. ఇంకొక సంగతి. నీటికాసులకి వాడే టిమొలాల్ వంటి చుక్కలు కంట్లో వేసినా ఒంట్లోకి పోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకి ప్రమాదం. మీకున్న జబ్బులన్నీ కంటి డాక్టరుకి చెప్పాలి. "కన్నే కదా" అని ఊరుకోకూడదు.

కంటి సంగతిలో మిగతావి తేలిక. నలభై దాటాక వచ్చే చత్వారం వల్ల కెమెరా మీది చిన్న అంకెలు కనిపించవు, కానీ కన్ను పెట్టి చూసే గూటి పక్కన ఒక బుల్లి చక్రం ఉంటుంది. దాన్ని తిప్పి మీ చూపుకి సరిచేసుకోవచ్చు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఫోకసు కుదరడం లేదని కెమెరాని తిడతారు. శుక్లం మొదలైనవాళ్ళకి ఎదురువెలుగులో అంతా తెల్లగా పొగమంచులా కనిపిస్తుంది. రంగులు పసుపు, గోధుమ వైపు మళ్ళుతాయి. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లాడ్ మొనేకి 1923 లో, 82 ఏళ్ళ వయసులో కుడి కంటికి శుక్లం ఆపరేషను చేశారు. అంతకు ముందు ఎర్రగా, గోధుమగా ఉన్న లోకం ఆపరేషను తర్వాత మరీ నీలంగా కనిపిస్తోందని ఆయన గోలపెట్టాడు. మీ ఫొటోల్లో రంగు మరీ నీలంగా ఉందని ఇంట్లో అందరూ అంటుంటే, కంప్యూటరుని కాక మీ కంటిని అనుమానించండి.

మైపాడుకో రామతీర్థానికో వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. సముద్రం, ఆకాశం కలిసే గీతని ఒక్కొక్క కంటితో విడివిడిగా చూడండి. ఆ గీత ఎక్కడైనా వంకరపోయినట్టో, మధ్యలో చెరిగినట్టో ఒక కంటికి కనిపిస్తే రెటీనా మధ్యభాగంలో జబ్బు ఉండవచ్చు. ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి. ఇంట్లోనే ఉండేవాళ్ళకి ద్వారబంధం చాలు.

సూర్యుణ్ణి మాత్రం కెమెరా గూట్లోంచి సూటిగా చూడవద్దు. శ్రీహరికోట రాకెట్ కోసం కాచుకుని ఉన్నప్పుడైనా సరే, గ్రహణమప్పుడైనా సరే. పొడుగు లెన్సు ఆ వెలుగునంతా పోగుచేసి రెటీనా మీద పోస్తుంది. రెటీనాకి నొప్పి తెలియదు, కాబట్టి కాలినట్టు అప్పుడు తెలియదు.

చెయ్యి వణికితే

"చేతులు వణుకుతున్నాయి, ఫొటోలన్నీ కదిలిపోతున్నాయి, ఇక నా వల్ల కాదు" అంటారు కొందరు. ముందు ఒకటి గమనించండి. వస్తువు ఎత్తి పట్టుకున్నప్పుడే వణికి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే ఆగిపోయే వణుకు ఎక్కువమందిలో వయసుతో, వంశంతో వచ్చేది. బాధ పెడుతుంది గాని భయపడాల్సింది తక్కువ. చెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు వణుకుతూ, పనిలో పెడితే తగ్గేది వేరే జాతి. అది పార్కిన్సన్ జబ్బు కావచ్చు, డాక్టరుకి చూపించాలి. థైరాయిడ్ ఎక్కువైనా, ఉబ్బసానికి వాడే సాల్‌బ్యుటమాల్ వల్లా, పొద్దున్నే మూడు గ్లాసుల కాఫీ వల్లా కూడా చెయ్యి వణుకుతుంది. ఆ మూడో కారణం కనుక్కోవడానికి నాకు ఒక రోగి విషయంలో ఆరు నెలలు పట్టింది. అడగలేదు మరి!

మామూలు వణుకైతే ఉపాయాలున్నాయి. మోచేతులు డొక్కలకి ఆనించాలి, వీపు కారుకో చెట్టుకో ఆనించాలి. ఊపిరి బిగబట్టవద్దు, వదిలాక, మళ్ళీ పీల్చుకునే ముందు ఒక చిన్న విరామం ఉంటుంది చూడండి, అప్పుడు నొక్కాలి. పాతవాళ్ళు వాడే లెక్క ఒకటుంది: లెన్సు 500 మిల్లీమీటర్లదైతే షట్టరు వేగం సెకనులో 500వ వంతుకి తగ్గకూడదు. చెయ్యి వణికేవాళ్ళు దానికి రెట్టింపు పెట్టుకుంటే మంచిది. నేటి కెమెరాలు కదలికని కొంత సరిచేస్తాయి, నిజమే. కానీ గట్టి కర్ర ఒక్కటి వాటన్నిటికన్నా మేలు.

బరువు విషయంలో మొహమాటం వద్దు. పక్షుల కోసం కొనే పెద్ద జూమ్ లెన్సు ఒక్కటే రెండు కిలోలు. కెమెరా కలిపితే సుమారు మూడు కిలోలు. దాన్ని పట్టీతో మెడకి వేలాడదీసుకుని మూడు గంటలు తిరిగి, సోమవారం నా దగ్గరికి మెడనొప్పి, చెయ్యి తిమ్మిరి అని వస్తారు. పట్టీని మెడలో కాదు, జంధ్యంలా భుజం మీదుగా ఏటవాలుగా వేసుకోండి. షుగరున్నవాళ్ళకి భుజం పట్టెయ్యడం ఎక్కువ. చెయ్యి తలపైకి లేవడం లేదంటే బరువు లెన్సు జోలికి పోకుండా ముందు దానికి వైద్యం చేయించుకోండి. తేలిక కెమెరాతో మంచి ఫొటోలు రావని చెప్పేది అమ్మేవాళ్ళు.

నేలపట్టులో గూళ్ళకేసి తల వెనక్కి వాల్చి అలాగే పావుగంట చూస్తే కొందరికి కళ్ళు తిరుగుతాయి. కింద కూర్చుని ఫొటో తీసి చటుక్కున లేచినా అంతే. బి.పి. మందులు, ముఖ్యంగా ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్ వాడే మగవాళ్ళు లేచేటప్పుడు ఒక నిమిషం ఆగి, ఏదైనా పట్టుకుని లేవాలి. గట్టు మీద నుంచి పడితే విరిగేది కెమెరా ఒక్కటే కాదు, తుంటి ఎముక.

తెల్లవారుజాము ప్రయాణం

పక్షుల ఫొటోలకి మంచి వెలుగు తెల్లవారినప్పుడే. నెల్లూరు నుంచి నాలుగింటికే బయలుదేరాలి. ఇక్కడే అసలు ప్రమాదం. అలవాటు ప్రకారం ఇన్సులినో, గ్లిమెపిరైడ్ మాత్రో వేసుకుంటారు. టిఫిను తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఏడున్నరకి మంచి వెలుగొస్తుంది, పక్షులు లేస్తాయి, తిండి మాట ఎవరికీ గుర్తుండదు. ఎనిమిదింటికి చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబడటం. ఎండకనుకుంటారు. అటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన అలా కూలబడిన ఒక పెద్దాయనకి నేనే బెల్లం ముక్క నోట్లో పెట్టాల్సి వచ్చింది. తెలివి ఉన్నవాళ్ళకే అలా పెట్టాలి. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. షుగరువాళ్ళు ఆ రోజు మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ముందే తమ డాక్టరుని అడగాలి. జేబులో బిస్కెట్లు, చక్కెర పొట్లం ఉండాలి. ఒంటరిగా పోవద్దు.

దారిలో మరుగుదొడ్డి దొరకదని ఆడవాళ్ళు, ప్రొస్టేట్ బాధ ఉన్న మగవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు. డిసెంబరులో ఎలాగో గడుస్తుంది. మార్చి దాటితే మన తీరం ఎండకి, ఉక్కకి అది వడదెబ్బకీ మూత్రంలో మంటకీ దారి. బస్టాండులోనో పెట్రోలు బంకులోనో పని చూసుకుని, నీళ్ళు తాగుతూనే ఉండండి. పదింటికల్లా నీడకి చేరండి. ఎలాగూ ఆ ఎండలో ఫొటోలు బాగుండవు.

పులికాట్ బురద చూడటానికి మెత్తగా ఉంటుంది. లోపల గుల్లలు, చిప్పలు కత్తుల్లా ఉంటాయి. కాళ్ళు తిమ్మిర్లున్న షుగరువాళ్ళకి తెగినా తెలియదు. ఉత్త కాళ్ళతో దిగవద్దు. అసలు దిగవద్దు, మీరు దగ్గరికి పోతే మేత మేసే పక్షులు లేచిపోతాయి. గట్టు మీద నిలబడటం మోకాళ్ళకీ, పక్షులకీ మంచిది.

ఇన్ని జాగ్రత్తలు చదివి, ఎందుకొచ్చిన కెమెరా అనుకుంటారేమో. అందుకే లాభం కూడా చెబుతాను. అమెరికాలోని డాలస్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డెనీస్ పార్క్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె బృందం 2014 లో ఒక పరిశోధన ప్రచురించారు. 60 నుంచి 90 ఏళ్ళ మధ్య వయసున్న 221 మందిని గుంపులు చేశారు. కొందరు వారానికి పదిహేను గంటల చొప్పున మూడు నెలలు డిజిటల్ ఫొటోగ్రఫీ, కంప్యూటరులో ఫొటోలు దిద్దడం నేర్చుకున్నారు. కొందరు బొంతలు కుట్టడం నేర్చుకున్నారు. ఇంకొందరు కలిసి కబుర్లు, విహారాలు; మరికొందరు ఇంట్లో పాటలు వినడం, తేలిక పదవినోదాలు. చివర్లో చూస్తే జరిగిన సంగతులు గుర్తుపెట్టుకునే శక్తి కొత్త పని కష్టపడి నేర్చుకున్నవాళ్ళలో మెరుగైంది, అందులోనూ ఫొటోగ్రఫీ వాళ్ళలో బాగా. ఊరికే కబుర్లతో గడిపినవాళ్ళకి అంత లాభం కలగలేదు. ఇక్కడ నా మాట ఒకటి: పాత కెమెరా, పాత అలవాటుతోనే ఉంటే ఈ లాభం ఎంత వస్తుందో చెప్పలేం. మెదడుకి పని పెట్టింది కొత్తదనం. కాబట్టి కెమెరాని "ఆటో"లో వదిలేసి కూర్చోవద్దు. మనవణ్ణి బతిమాలైనా సరే, ఆ మీటలన్నీ నేర్చుకోండి.

దీనికి తిరుగుడు కూడా ఒకటుంది. లిండా హెంకెల్ అనే మరో పరిశోధకురాలు మ్యూజియంలో విద్యార్థుల చేత కొన్ని వస్తువులకి ఫొటోలు తీయించింది, కొన్నింటిని ఊరికే చూడమంది. ఫొటో తీసినవే వాళ్ళకి తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు తప్పుకుంటుందన్నమాట. కానీ ఒక భాగాన్ని దగ్గరికి తెచ్చి శ్రద్ధగా తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. అందుకని నేను పులికాట్ చేరాక మొదటి పది నిమిషాలు కెమెరా సంచీలోంచి తీయను.

వయసు అడ్డమా అంటే, కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కి మొదటి కెమెరా కూతురు, అల్లుడు కానుకగా ఇచ్చింది 1863 లో, 48 ఏళ్ళ వయసులో. నేటికీ ఆమె తీసిన ముఖచిత్రాలు పుస్తకాల్లో వేస్తున్నారు. ఇంకో పక్క, మన దేశంలో పత్రికలకి ఫొటోలు తీసిన తొలి మహిళ హోమాయ్ వ్యారావాలా 1970 లో కెమెరా పక్కన పెట్టేసి, 2012 లో 98వ ఏట పోయేదాకా మళ్ళీ ఆ వృత్తి వైపు చూడలేదు. ఆమెకేమీ లోటు జరగలేదు. తిరిగి మొదలుపెట్టాలన్న కోరిక లేనివాళ్ళని ఎవరూ తొందరపెట్టనక్కర్లేదు.

నా సంగతి ముగిస్తాను. కంటి డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" లేదన్నాను. మా నాన్నకి ముసలితనంలో కుడి కన్ను పోయింది గాని, అది ముదిరిన శుక్లమని మేమంతా అనుకున్నాం. ఆ రాత్రి ఇంటికొచ్చి పాత నెగెటివ్‌ల డబ్బా తీశాను. 1988 సెలవుల్లో నేను తీసిన మా నాన్న ఫొటోలు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ ఆయన తల కొంచెం కుడివైపుకి తిప్పి, ఎడమ కంటిని నాకేసి పెట్టి చూస్తున్నారు. ఒక కంటి చూపు తగ్గినవాళ్ళు అలాగే తిప్పుతారు. అది ఆయన ఠీవి అనుకున్నాను. డాక్టరు చదువు చదువుతున్నవాణ్ణి, నాలుగుసార్లు గురిపెట్టి చూశాను. అప్పటికి ఆయనకి యాభై రెండేళ్ళు.

మర్నాడే తమ్ముడికీ చెల్లెలికీ ఫోను చేసి పరీక్షకి పంపాను. చెల్లెలికి లేదు. తమ్ముడికి రెండు కళ్ళలోనూ మొదలైంది, కానీ ఫీల్డ్ టెస్టులో ఇంకా ఏ మచ్చా పడలేదు; చుక్కలు వాడుతున్నాడు. నేనూ రోజూ రాత్రి తొమ్మిదింటికి చుక్క వేసుకుంటాను. మూడేళ్ళుగా నా మచ్చ పెరగలేదు. కెమెరాని ఇప్పుడు ఎడమ కంటికి ఆనిస్తున్నాను. ముక్కు తెరకి తగిలి జిడ్డు అంటుకుంటుంది, అంతే.

మాస్టారు పదిహేను రోజులకి కంటి డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని వచ్చారు. నీటికాసులు లేవు. షుగరు వల్ల రెటీనాలో చిన్న చిన్న రక్తపు చుక్కలున్నాయి. షుగరు అదుపులో పెట్టి ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారట. కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడు చెప్పండి సార్, 300 లెన్సు కొనమంటారా, 600 దా?" అన్నారు.